కోకిల కూయని ఉగాది

ఏటేటా ఉగాది దగ్గరపడే కొద్దీ పత్రికకు కవితలు రావడం మొదలవుతుంది. పెద్దవారు గుండ్రంగా, జాగ్రత్తగా దిద్దిన అక్షరాలు కొన్ని. బడిపిల్లలు నోటుపుస్తకంలోంచి చింపి పంపిన కాగితాలు కొన్ని. ఒత్తులు తప్పినా, దీర్ఘాలు జారినా వాటిని చూసినప్పుడు మాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. కోరంగి రేవులో ఓడ ఎక్కినవారి మునిమనుమలు, వారి బిడ్డలు ఈ మారిషస్ ద్వీపంలో కూర్చుని తెలుగులో పద్యం కట్టాలని ఆరాటపడుతున్నారంటే అది సామాన్యమైన విషయం కాదు. ముందుగా వారందరికీ మా నమస్కారం.

నమస్కారం చేసిన చేతులతోనే ఒక విమర్శ కూడా చేయదలచాం. ఈ కవితల్లో ఇంచుమించు ప్రతిదానిలోనూ ఒక కోకిల కూస్తున్నది. మావిచిగురు తిని, మత్తెక్కి, వసంతుణ్ణి పిలుస్తున్నది. పదేళ్ళ పిల్లవాడి కవితలోనూ అదే కోకిల. డెబ్భై ఏళ్ళ పెద్దాయన కవితలోనూ అదే కోకిల. పేర్లు కప్పిపెట్టి చదివితే ఏది ఎవరు వ్రాశారో పోల్చుకోవడం కష్టం. అందుచేత మేము ఒక చిన్న ప్రశ్న వేసుకున్నాం: ఈ కోకిలను విన్నదెవరు?

మన ద్వీపంలో కోకిల కాపురముండదు. ఉగాది మార్చిలోనో, ఏప్రిల్‌లోనో వస్తుంది. అది ఆంధ్రదేశంలో వసంతం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మనకు వేసవి ముగిసి చలికాలం వైపు తిరిగే రోజులు. తుఫానుల భయం అప్పటికింకా పూర్తిగా తీరదు. మన మామిడి పూత పూసేది చలికాలంలో. పండ్లు చేతికి వచ్చేది నవంబరు, డిసెంబరు మాసాల్లో. ఉగాది పచ్చడికి మామిడి ముక్క కోసం మన ఆడవాళ్ళు పడే పాట్లు ఎవరికి తెలియవు? ఆనాడు మన చుట్టూ నిండుగా ఉండేది చెరకు ఒక్కటే. మనిషి ఎత్తు దాటి, జూన్ నెల కోతల కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఉగాది మనకు జాతీయ సెలవుదినమైనది, అది మన గౌరవం. కాని ఆ రోజు మన కవితలో వసంతం వేరు, మన వాకిట్లో ఋతువు వేరు.

ఇందులో ఏమి మునిగిపోయింది, కవిత్వమన్నాక కల్పన ఉండదా అని కొందరు అడగవచ్చు. మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాం. ఆ మధ్య మాలో ఒకరు ఒక తెలుగు తరగతికి వెళ్ళారు. పక్షుల పేర్లు చెప్పమంటే పిల్లలు గడగడ చెప్పారు: చిలుక, నెమలి, హంస, కోకిల. ఉచ్చారణ కూడా బాగున్నది. అదే సమయంలో కిటికీ చువ్వ మీద ఒక పక్షి వాలింది. గోధుమరంగు ఒళ్ళు, నల్లని తల, పసుపుపచ్చని ముక్కు, కంటి వెనుక పసుపు మరక. దీని పేరేమిటి అని అడిగితే పిల్లలంతా ఒకే గొంతుతో ‘మార్టిన్’ అన్నారు. తెలుగులో? ఎవరూ పలకలేదు. దానికి తెలుగులో పేరుంటుందనే ఊహే వారికి లేదు. ఆ పక్షి గోరువంక. తెలుగు ఇళ్ళ చూరులో, తెలుగు పాటల్లో, ‘చిలకా గోరింకల్లా ఉన్నారు’ అని కొత్త దంపతులను దీవించే మాటలో తరతరాలుగా బ్రతికిన పక్షి.

మా బాధ అంతా ఇక్కడే ఉన్నది. పిల్లలు ఎన్నడూ చూడని నాలుగు పక్షులకు తెలుగు పేర్లు ఉన్నాయి. రోజూ చూసే పక్షికి లేదు. ఇట్లాగే సాగితే తెలుగు అనేది లేనివాటిని గురించి మాట్లాడుకునే భాష అవుతుంది. ఉన్నవాటికన్నిటికీ క్రియోల్ సరిపోతుంది. అటువంటి భాషను గౌరవంగా అటక మీద దాచుకోవచ్చు గాని, దానితో ఇంట్లో పని జరగదు. పని లేని భాష ఎంతకాలం నిలుస్తుంది?

కోకిల పక్షం వారి వాదాన్ని కూడా వినడం న్యాయం. కవిత్వంలో కవిసమయాలనేవి ఉన్నాయి. హంస పాలను, నీటిని వేరు చేస్తుందనీ, చకోరం వెన్నెల తాగుతుందనీ మన కవులు వ్రాశారు. వారిలో ఎవరైనా చకోరం వెన్నెల తాగుతుండగా చూశారా? లేదు. గురజాడ వంటి నవ్యకవి కూడా 1910 నాటి ‘దేశభక్తి’ గేయం చివరలో కవితనే కోయిలగా చేసి చూపాడు. అట్లాంటప్పుడు మారిషస్‌లోని తెలుగువాడు ఒక్కడే కోకిలను వదులుకోవాలా? ఇది గట్టి వాదమే. దీనికి సమాధానం కావాలంటే మన పూర్వకవులు పక్షి చేత ఏ పని చేయించారో ఒకసారి చూడాలి.

శ్రీనాథుని ‘శృంగార నైషధం’లో హంస ఉన్నది. బంగారు రెక్కల హంస, కవిసమయాల్లోని హంసే. నలుడు దానిని పట్టుకుంటాడు. అప్పుడు ఆ పక్షి తన అందాన్ని గురించి మాట్లాడదు. ఇంటి దగ్గర ముసలి తల్లి ఉన్నదనీ, ఆమెకు తానొక్కడే కొడుకుననీ, భార్య పురిటాలనీ, తాను తప్ప వారికి దిక్కు లేదనీ ఏడుస్తుంది. రాజు మనసు కరిగి వదిలేస్తాడు. అట్లా వదిలినందుకే ఆ హంస దమయంతి దగ్గరకు దూతగా వెళుతుంది. కథ అంతా ఆ విడుదలలోంచి పుట్టింది. సహృదయులైన పాఠకులు ఆ ఘట్టాన్ని మన ద్వీపం ఒడ్డున నిలబడి ఒకసారి తలచుకోవాలని కోరుతున్నాం. ముసలి తల్లిని, పురిటాలిని వదిలి వచ్చినవాళ్ళు మనకు తెలుసు. వారి మొర విని పిడికిలి సడలించిన రాజు మాత్రం లేడు. హంస మాటలు రాజుల కథలోవే అయినా ఆ మాటల బరువు కూలివాడి గుండెకు తెలుస్తుంది. పూర్వకావ్యం మనది కావడమంటే ఇదే.

పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నం’లో శుచిముఖి అనే హంస మాటకారి. వజ్రనాభుడి పురంలోకి అతని అనుమతి లేకుండా ఎవరికీ ప్రవేశం లేదు. మనిషి పోలేని చోటికి ఆ హంస పోయింది. మనిషి చెప్పలేని మాట చెప్పింది. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో భర్త వ్యాపారానికి దూరదేశం వెళితే, ఇంట్లో మిగిలిన భార్యకు రాత్రికొక కథ చెప్పి గడప దాటకుండా ఆపింది చిలుక. ఆ కావ్యాల్లో శృంగారం ఎంత ఉన్నా, పక్షి అలంకారానికి వచ్చి కూర్చోలేదు. దూరానికీ దూరానికీ మధ్య, పోయినవారికీ మిగిలినవారికీ మధ్య అది రాకపోకలు చేసింది. పక్షి ఎందుకంటే దానికి గోడ లేదు, పాసు లేదు.

పాసు అన్న మాట ఊరికే వాడలేదు. మన ద్వీపంలో 1867 చట్టం తరువాత ఒప్పందం తీరిన పాతకాపు కూలీ కూడా ఫోటో అతికించిన పాసు దగ్గర లేకుండా తిరిగితే దిమ్మరి అని పట్టుకునేవారు. ఆ కాలంలో ఎస్టేటు కాంపులో కూర్చున్నవాడికి తల మీదుగా ఎగిరిపోయే పిట్ట ఎట్లా కనిపించి ఉంటుందో మన కవితల్లో ఎక్కడా లేదు. అది వ్రాయవలసిన కవిత. అది వ్రాయకుండా మనం కోకిలను వ్రాస్తున్నాం.

పక్షులలో కూడా మనవాళ్ళు పెద్దింటివారిని, పేదింటివారిని ఏర్పరచారు. ‘కాకిలా కలకాలం బ్రతికే కంటే హంసలా ఆరు నెలలు బ్రతకడం మేలు’ అనే సామెత మనందరి నోటా వినబడుతుంది. మేము కూడా చిన్నప్పుడు తల ఊపినవాళ్ళమే. కాని తోటల్లో పనిచేసిన మన ముందుతరాలవారు హంసల్లా ఆరు నెలలు బ్రతికి ఉంటే ఈ వ్యాసం వ్రాయడానికి మేమూ లేము, చదవడానికి మీరూ లేరు. వారు కాకిలాగానే బ్రతికారు. దొరికినది తిన్నారు, తరిమితే ఎగిరి మళ్ళీ వాలారు, పది మందిని పిలుచుకుని పంచుకున్నారు. కలకాలం బ్రతకడంలోని గొప్పతనాన్ని ఆ సామెత చెప్పినవారు ఎరుగరు.

ఈ సంగతి గుర్తించిన కవి జాషువ. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో అంటరానివాడని సమాజం తోసిన పేదవాడు శివునికి తన మొర పంపాలి. యక్షుడికి మేఘం దొరికింది, నలుడికి హంస దొరికింది. ఇతని గుడిసెలోకి వచ్చేది గబ్బిలం ఒక్కటే. అది పక్షుల్లో లెక్క కాదు, జంతువుల్లో లెక్క కాదు. ఇంట్లో దూరితే అపశకునమంటారు. కాని అది గుడిలో వ్రేలాడుతుంది. ఆ మనిషికి దక్కని గర్భగుడి దానికి దక్కింది. పూజారి లేని వేళ చూసి దేవుని చెవిలో చెప్పమని అతడు దానిని వేడుకుంటాడు. జాషువ సందేశకావ్య సంప్రదాయాన్ని విడిచిపెట్టలేదు. దానిని తన గుడిసెలోకి తెచ్చుకున్నాడు. తన పక్షిని తాను ఎన్నుకున్నాడు. మా వాదమంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. సంప్రదాయమంటే పూర్వులు వ్రాసిన పక్షినే వ్రాయడం కాదు. వారు తమ పక్షికి అప్పగించినంత పని మన పక్షికి అప్పగించడం. అదే కవి గిజిగాడి గూటిని చూసి కూడా మంచి పద్యాలు చెప్పాడు. గిజిగాడికి దాయాది అయిన ఆఫ్రికా పక్షి ఒకటి మన ద్వీపంలోనూ చెట్లకు గూళ్ళు అల్లి వ్రేలాడదీస్తున్నది. దాని మీద ఒక్క పద్యమూ మా చేతికి రాలేదు.

చదువు రాని మన పెద్దలకు మాత్రం పక్షితో ఇంత ఎడం లేదని మా నమ్మకం. వారికి కావ్యాలు లేవు, రామభజన ఉన్నది. భజన చేసే చోట రామకథ ఉంటుంది. రామకథ ఉన్న చోట జటాయువు ఉంటాడు. ఒక ఆడమనిషిని బలవంతాన సముద్రం దాటించి తీసుకుపోతుంటే అడ్డుపడినవాడు ముసలి పక్షి ఒక్కడే. రెక్కలు తెగి పడినా, ఏ దిక్కుకు తీసుకుపోయారో చెప్పేదాకా ప్రాణం నిలుపుకున్నాడు. రాముడు కన్నతండ్రికి చేసినట్లు అతనికి కర్మ చేశాడు. అట్లాగే భద్రాచల రామదాసు కథ. వెనుకటి జన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకు గోలకొండ చెరలో పన్నెండేళ్ళు ఉండవలసి వచ్చిందని మనవాళ్ళు చెప్పుకుంటారు. దేవుని భక్తుడైనా సరే, పిట్టను బంధించిన అప్పు తీర్చవలసిందే అన్న న్యాయం అది. ఒప్పందం కాగితానికి కట్టుబడినవాళ్ళు ఈ కథను ఏ మనసుతో చెప్పుకున్నారో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు మన గోరువంక దగ్గరకు వద్దాం. ఇది మన ద్వీపానికి తనంతట ఎగిరి రాలేదు. 1762లో, ఫ్రెంచివారి పాలనలో, పంటలను తినేస్తున్న ఎర్ర మిడతలను తినడానికి దీనిని ఇండియా నుంచి ఓడలో తెప్పించారు. చీడలను అణచడానికి ఒక దేశపు ప్రాణిని మరో దేశానికి తరలించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతారు. అంటే ఏమిటి? పొలంలో పని చేయడానికి ఇండియా నుంచి ఓడలో తెచ్చారు, పని చేసింది, తిరిగి పోలేదు, ఇక్కడే పిల్లల్ని కన్నది. బానిసత్వం 1835లో రద్దయ్యే వేళకు చెరకుతోటల కోసం ఇండియా నుంచి ఒప్పందపు కూలీలను దింపడం మొదలుపెట్టారు. 1834లో మొదలైన ఆ రాక ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళ దాకా సాగి, నాలుగున్నర లక్షల మందికి పైగా ఈ ఒడ్డున దిగారు. వారు దిగిన రేవు మెట్లు ఆప్రవాసీ ఘాట్ పేరుతో 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. ఆ మెట్లు ఎక్కినవారికి డెబ్భై రెండేళ్ళ ముందే గోరువంక ఇక్కడ పనిలో చేరి ఉన్నది. మన కంటే సీనియరు కూలీ అన్నమాట.

దీనికి మూడు పేర్లు. కావ్యంలో ఇది శారిక. శుకశారికలంటూ రాజభవనాల వర్ణనలో చిలుక పక్కన కూర్చుంటుంది. ఊళ్ళో గోరువంక. ఇక్కడ మార్టిన్. మన ఇంటిపేర్లు, మన తాతల పేర్లు రేవులో గుమాస్తాల చేతిలో ఎన్ని రూపాలు మారాయో పాత కాగితాలు తీసి చూసినవారికి తెలుసు. అయితే కూత మారలేదు. తెల్లవారుజామున పది గొంతులతో ఒకేసారి గోల చేస్తుంది. ఒకటి పాముని చూస్తే తక్కినవాటిని పిలుస్తుంది. మనిషి ఉన్న చోటే ఉంటుంది. అరుగు మీద మెతుకులు పడితే మొదట వచ్చేది ఇదే. మాలో ఒకరి నాయనమ్మ ప్రతిరోజూ పొయ్యి ముట్టించే ముందు గుప్పెడు నూకలు చల్లి ‘గోరింకలు తిన్నాక మనం’ అనేది. ఆమెకు తెలుగు వ్రాయడం రాదు. కాని ఆ పక్షికి తెలుగు పేరు నిలిపినది ఆమె. ఆమెతో ఆ మాట ఆ ఇంట్లో ఆగిపోయింది. తరువాతివారు మార్టిన్ అన్నారు. మేము తెలుగు చదవడం, వ్రాయడం నేర్చుకున్నాం. ఆ మాట మాత్రం పోగొట్టుకున్నాం. ఈ లెక్క సరిచూసుకోవలసిన రోజు వచ్చింది.

అయితే కోకిలను తీసి ఆ చోట గోరువంకను అతికిస్తే కవిత బాగుపడుతుందని మేము చెప్పడం లేదు. అట్లా చేస్తే వచ్చే ఏడాదికి గోరువంక కవితలు గుట్టలుగా వస్తాయి. మరో కవిసమయం తయారవుతుంది. పక్షిని సరిగా చూడడమంటే దాని మంచినే కాదు, దాని వల్ల కలిగిన నష్టాన్ని కూడా చూడడం. గోరువంక చెట్టు తొర్రలను ఆక్రమించుకునే పక్షి. అంతకంటే కష్టమైన సంగతి మన చిలుకది. కావ్యాల్లో కథలు చెప్పిన, మెడలో గులాబిరంగు గీత ఉన్న ఇండియా చిలుక కూడా మన ద్వీపానికి వచ్చి స్థిరపడింది. ఈ నేలకే సొంతమైన చిలుక మరొకటి ఉన్నది. క్రియోల్ వారు కాతో వేర్ అంటారు. అడవులు నరికివేయడంతో దానికి తిండీ, గూడు కట్టే తొర్రలూ కరువయ్యాయి. మిగిలిన తొర్రల కోసం వచ్చిన చిలుకతో పోటీ పడవలసి వచ్చింది. 1980ల నాటికి అది వేళ్ళ మీద లెక్కపెట్టేటంతగా క్షీణించింది. అంటే మన సాహిత్యంలో ముద్దులొలికే చిలుక ఇక్కడ ఇంటివాడిని వెళ్ళగొట్టే అతిథి అయింది.

అతిథి అనగానే మాకు తిక్కన గుర్తుకు వస్తాడు. భారతం శాంతిపర్వంలో కపోతం కథ ఉన్నది. గాలివానలో తడిసి, ఆకలితో చెట్టు క్రిందికి చేరిన బోయవాడికి ఆ చెట్టు మీది పావురం ఆతిథ్యం ఇస్తుంది. తన భార్య అతని బోనులోనే ఉన్నదని తెలిసి కూడా ఇస్తుంది. చలి తీరడానికి మంట వేసి, ఆకలి తీరడానికి తానే ఆ మంటలో పడుతుంది. బోయవాడి కళ్ళు తెరుచుకుంటాయి; బోను విప్పి ఆడపావురాన్ని వదిలేస్తాడు.

మన ద్వీపానికి గుర్తు డోడో. బొమ్మల్లో, తపాలా బిళ్ళల మీద, దేశపు రాజచిహ్నం మీద ఉన్నది. అది పావురాల కుటుంబానికి చెందిన పక్షి అని చాలామంది ఎరుగరు. డచ్చివారు 1598లో ఇక్కడ దిగినప్పుడు అది మనిషిని చూసి పారిపోలేదు. భయపడాలని దానికి ఎవరూ నేర్పలేదు. మనుషులు చంపి తిన్నది కొంత. వారితో ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు నేల మీది గుడ్లను తిన్నది మరికొంత. చివరిసారి దానిని చూసినది 1662లో అని సాధారణంగా చెబుతారు. భారతంలోని పావురం తెలిసి మంటలో పడింది, బోయవాడు మారాడు. ఇక్కడి పావురానికి తెలియదు, బోయవాడు మారలేదు. తిక్కన పద్యాలకు ఇంతకంటే కఠినమైన వ్యాఖ్యానం ఏ దేశంలో దొరుకుతుంది? రాజచిహ్నంలో డోడో చెరకు గెడను పట్టుకుని నిలబడి ఉంటుంది. చెరకు 1639లో వచ్చింది. ఆ రెండూ కలిసి ఈ నేల మీద ఉన్నది పాతికేళ్ళకు మించదు. ఆ చిహ్నం ముందు నిలబడి మన కవి ఒక్కడైనా ఒక నిట్టూర్పు విడువడా?

ఇక్కడ చెప్పుకోదగిన మంచి కూడా జరిగింది. ఈ ద్వీపానికే సొంతమైన డేగను ఒకప్పుడు కోళ్ళు తినేదని పేరుపెట్టి కాల్చేవారు. అడవులు తరిగి, పురుగుమందులు కూడా తోడై, 1974 నాటికి అడవిలో దాని లెక్క నాలుగుకు పడిపోయింది. గుడ్లను తెచ్చి పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో వదిలి, ఓపికగా కాపాడితే తరువాతి దశాబ్దాల్లో అవి వందల్లోకి చేరాయి. లేతగులాబి రంగు పావురం ఒకటున్నది. 1990 ప్రాంతంలో అడవిలో పది మాత్రమే మిగిలాయి. అదీ ఆ విధంగానే వందలకు పెరిగింది. కాతో వేర్ చిలుక కూడా కోలుకున్నది. బోయవాడు మారడం సాధ్యమేనని ఇవి మూడూ సాక్ష్యం చెబుతున్నాయి. మరి ఈ మూడింటికీ తెలుగులో పేర్లేవి? మనం వీటి పొరుగున దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఉంటున్నాం. పిలవడానికి ఒక మాట కల్పించుకోలేదు. పిల్లలతో మాట్లాడేటప్పుడు మేము ఆ పావురాన్ని ‘గులాబి గువ్వ’ అంటున్నాం. ఇంతకంటే మంచి పేరు తోచినవారు చెప్పండి, మార్చుకుంటాం.

మన పొరుగు భాషవారిని చూసి ఒక పాఠం నేర్చుకోవచ్చు. అభిమన్యు అనత్ 1977లో హిందీలో ‘లాల్ పసీనా’ నవల వ్రాశాడు. కూలీల చెమట, చెరకుతోట అందులో ఉన్నాయి. ఈ ద్వీపంలో వ్రాసిన ఆ పుస్తకానికి ఇండియాలోని హిందీవారు కూడా చెవి ఒగ్గారు. తమకు తెలియని సంగతి అందులో ఉన్నది కనుక ఒగ్గారు. మనం ఆంధ్రదేశానికి కోకిల కవితలు పంపితే వారు మెచ్చుకుని పక్కన పెడతారు. కోకిలలు వారి దగ్గర చాలా ఉన్నాయి. ఓడలో వచ్చిన గోరువంక కథ, గులాబి గువ్వ కథ మాత్రం వారికి లేవు. తెలుగుకు మనం కొత్తగా ఇవ్వగలిగినది అదే. ఇంతకాలం తీసుకున్న బిడ్డలం, ఒకసారి పెట్టే బిడ్డలం కావద్దా?

కోకిలను ఊరి వెలుపల పెట్టమని మేము కోరడం లేదు. ఓడ దిగిన మొదటి తరంవారు ఇక్కడ మొదటి ఉగాది నాడు కోకిల వినబడక బాధపడి ఉంటే, ఆ బాధలోని కోకిల నిజమైన కోకిల. వినబడని పక్షిని వినబడలేదని వ్రాస్తే అది కవిత్వం. వినబడినట్లు వ్రాస్తేనే మా అభ్యంతరం. కోకిల కోసం చెవి ఒగ్గి, అది రాక, కిటికీ తెరిస్తే గోరువంకల గోల వినిపించిన ఉదయాన్ని ఎవరైనా వ్రాసి పంపితే, ఛందస్సు తప్పినా సరే, దానిని మొదటి పుటలో వేస్తాం.

వచ్చే ఉగాదికి కవిత వ్రాయదలచినవారికి మా మనవి ఒక్కటే. కాగితం తీసేముందు ఒక పూట పెరట్లో కూర్చోండి. ఇంట్లో ముసలివారుంటే పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చి వాలిన ప్రతి పిట్టకూ తమ అమ్మ ఏ పేరు చెప్పేదో అడగండి. ఒకటి రెండు పేర్లు ఇంకా దొరకవచ్చు. దొరికితే పిల్లలకు వినబడేటట్లు పైకి పలకండి. గుప్పెడు నూకలు కూడా చేతిలో ఉంచుకోండి, గోరింకలు తిన్నాక మనం.